మూడు మిల్లీమీటర్ల అత్యాశ

బీటెక్‌లో మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చినవాళ్లందరికీ ఒక జబ్బు ఉంటుంది. చదివిన చదువుని ఎక్కడో ఒకచోట వాడాలని చెయ్యి దురద. నా దురద తీరేది ఒక సెకండ్ హ్యాండ్ సెడాన్ మీద. వారమంతా ఆఫీసుకి అదే కారు. ఎప్పుడైనా వీకెండ్‌లో ట్రాక్ డే ఉంటే హైదరాబాద్ నుంచి రాత్రంతా నడుపుకుంటూ చెన్నై పక్కన ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కి వెళ్లేదీ అదే. 3.7 కిలోమీటర్లు, 12 మలుపులు. జేబు ఖాళీ, మనసు ఫుల్.

ఆ మలుపుల్లోనే గొడవ మొదలైంది. స్టీరింగ్ ఎంత తిప్పినా కారు ముక్కు బయటికే పోతోంది. ఇంజిన్ బరువు ముందే, తిప్పే పనీ లాగే పనీ ముందు టైర్లకే. పాపం అవి ఎన్నని చేస్తాయి? తోటి ట్రాక్ పిచ్చోళ్లంతా ఒకటే మాట: "మామా, వెనక స్వే బార్ మార్చెయ్."

స్వే బార్ అన్నా, యాంటీ రోల్ బార్ అన్నా, మన గ్యారేజీల్లో స్టెబిలైజర్ రాడ్ అన్నా ఒకటే. వంచిన ఉక్కు కడ్డీ. రెండు చివర్లూ లింక్ రాడ్‌లతో ఎడమ, కుడి చక్రాల వైపు కలుస్తాయి. మధ్యభాగం బుష్‌లలో కూర్చుంటుంది. రెండు చక్రాలూ ఒకేసారి స్పీడ్ బ్రేకర్ ఎక్కితే కడ్డీ ఊరికే తిరుగుతుంది. మలుపులో ఒకటి పైకి, ఒకటి కిందికి పోతే మాత్రం మెలితిరిగి, కారు ఒరగకుండా ఆపుతుంది.

నా ముందు రెండు సైజులున్నాయి: 19 మిల్లీమీటర్లు, 22 మిల్లీమీటర్లు. తేడా మూడే కదా అని 22 ఆర్డర్ పెట్టేశాను.

ఇక్కడే నా డిగ్రీ నన్ను చూసి నవ్వింది. కడ్డీ బిగువు దాని వ్యాసం నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. 22ని 19తో భాగించి, నాలుగుసార్లు గుణించండి. సుమారు 1.8. అంటే ఆ మూడు మిల్లీమీటర్లకి 80 శాతం ఎక్కువ బిగువు! ఈ సూత్రం రాసే స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్ పాస్ అయ్యాను. డబ్బు కట్టేటప్పుడు మాత్రం గుర్తు రాలేదు.

బిగించాక మొదటి సెషన్ స్వర్గం. ముక్కు చెప్పిన మాట వింది. రెండో సెషన్‌లో ఒక స్పీడు మలుపు మధ్యలో భయమేసి యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీశాను. బరువు ముందుకి దూకింది, వెనక టైర్లు చేతులెత్తేశాయి. కారు గిర్రున తిరిగి గడ్డిలో ఆగింది. దేనికీ తగల్లేదు. దిగి నవ్వుకున్నాం కూడా.

నవ్వు ఆగింది మరో రెండు వారాలకి. అమ్మానాన్నలతో విజయవాడ వెళ్తున్నా. సూర్యాపేట దాటాక వాన. ఒక వంపులో గేదె అడ్డం వస్తే కాలు తీశాను. వెనక భాగం ఒక్కసారి పక్కకి జారి మళ్లీ సర్దుకుంది. వెనక సీట్లోంచి అమ్మ, "ఏంట్రా, కారు అలా ఊగింది?" అంది. "రోడ్డు బాలేదమ్మా" అన్నాను. రోడ్డు బాగానే ఉంది.

అప్పుడు కూర్చుని ఆలోచిస్తే తెలిసింది. మలుపులో లోపలి చక్రాల నుంచి బయటి చక్రాలకి మారే మొత్తం బరువుని ఈ కడ్డీ దాదాపు మార్చలేదు. అది కారు ఎత్తు, వెడల్పు, మనం తిరిగే స్పీడుని బట్టి ఉంటుంది. కడ్డీ చేసేదల్లా పంపకం. వెనక బిగువు పెంచితే ఆ మార్పులో ఎక్కువ వాటా వెనక టైర్లు మోస్తాయి, ముందు టైర్లకి ఊపిరి ఆడుతుంది. టైరు మీద బరువు రెట్టింపైతే పట్టు రెట్టింపు కాదు కాబట్టి వెనక పట్టు తగ్గుతుంది. జీతం పెరగలేదు బాస్, ఒక అకౌంట్‌లో డబ్బు తీసి ఇంకో అకౌంట్‌లో వేశాం, అంతే.

కాబట్టి కొనేముందు ఇవి చూసుకోండి.

మొదట రోగం ఏదో తేల్చుకోండి. టైర్లు పాతవా, గాలి సరిగా ఉందా, అలైన్‌మెంట్ ఎలా ఉంది? బ్రేక్ లేటుగా వేసి మలుపులోకి దూకేస్తుంటే అది కడ్డీ తప్పు కాదు, కాలు తప్పు. ఒకసారి నెమ్మదిగా ఎంట్రీ ఇచ్చి చూడండి. మలుపు మధ్యలో అప్పటికీ ముక్కు పారిపోతుంటేనే కడ్డీ గురించి ఆలోచించండి.

మిల్లీమీటర్లు కాదు, బిగువు పోల్చండి. బోలు కడ్డీ అయితే బయటి వ్యాసం నాలుగో ఘాతం నుంచి లోపలిది తీసేయాలి. 3 మిల్లీమీటర్ల మందం గోడ ఉన్న 22 బోలు కడ్డీ, 19 గట్టి కడ్డీ కంటే దాదాపు 30 శాతమే ఎక్కువ బిగువు. చివర్లో రెండు మూడు రంధ్రాలున్నది దొరికితే అదే తీసుకోండి. అన్నిటికంటే చివరి రంధ్రం మెత్తన, లోపలికి వచ్చేకొద్దీ బిగువు. మెత్తటి దాంతో మొదలుపెట్టి, ఒక్కసారికి ఒక్క మార్పే చేయండి. వాన రోజు మళ్లీ మెత్తటి రంధ్రానికే రండి.

బుష్‌లు కొత్త కడ్డీ సైజువే వేయించండి. పాలీయురేథేన్‌వి అయితే గ్రీజు లేకపోతే కీచుమంటాయి. బ్రాకెట్ల దగ్గర పగుళ్లున్నాయేమో అప్పుడప్పుడు చూడండి. పెరిగిన బలమంతా పడేది అక్కడే. మలుపులో లోపలి వెనక చక్రం గాల్లోకి లేస్తోందా? వెనక వైపు ఇవ్వగలిగినంతా ఇచ్చేసిందని అర్థం. ఇంకా లావు కడ్డీ వేసి లాభం లేదు.

స్విఫ్ట్, పోలో లాంటి కార్లకి వెనక రెండు చక్రాల్నీ కలిపే బీమ్ ఉంటుంది. అదే కొంతవరకు స్వే బార్ పని చేస్తుంది. వాటికి అదనపు కడ్డీ ఆ బీమ్‌కే బోల్టు చేస్తారు. ఇక ఇన్సూరెన్స్: రేసింగ్, స్పీడ్ టెస్టింగ్‌లో జరిగిన నష్టాన్ని మామూలు పాలసీ కవర్ చేయదు. మార్పులు చేస్తే కంపెనీకి ముందే చెప్పండి.

ఇప్పుడు నా కారుకి 19 ఉంది, మెత్తటి రంధ్రంలో. ట్రాక్‌లో ముక్కు ఇంకా కాస్త బయటికి పోతుంది. అంతకంటే ముందే బ్రేక్ వేయడం నేర్చుకున్నాను. 22 కడ్డీని అమ్మకానికి పెట్టాను. ఫోన్ చేసినవాళ్లందర్నీ ఒకటే అడుగుతున్నా: "ఇంట్లోవాళ్లని ఎక్కించుకునేదీ ఇదే కారా?" అవునంటే 19 కొనుక్కోమంటున్నా.

అందుకే అది ఇంకా మా బాల్కనీలోనే ఉంది.