హేమంతంలో మన్యం ప్రయాణం

మార్గశిరం ప్రవేశించగానే మధ్యతరగతి ఇండ్లలో ఈ మధ్య ఒక ముచ్చట మొదలవుతున్నది. పిల్లలకు సెలవులు రాగానే లంబసింగి వెళ్లవలెను, వంజంగిలో మేఘాలు చూడవలెను, అరకులోయలో వలిసె పూల నడుమ ఫొటోలు తీయించుకొనవలెను. ఈ కోరికను తప్పు పట్టవలసిన పని లేదు. ఆరోగ్యవంతుడు కొండ ప్రాంతానికి వెళ్లి రావడానికి హేమంతం అనుకూలమైన ఋతువు. దేహబలమూ, జఠరాగ్నీ ఈ కాలంలో ఉత్తమస్థితిలో ఉంటాయని చరకుడు, వాగ్భటుడు ఇరువురూ చెప్పినారు. బయటి చలిగాలి చుట్టుముట్టగా లోపలి ఉష్ణం వెలికి పోలేక కోష్ఠంలోనే నిలిచి అగ్నిని ప్రజ్వలింపజేస్తుందని వారి వివరణ. కావున ప్రయాణం వద్దని నేను చెప్పబోవడం లేదు. మనవారు వెళుతున్న పద్ధతి మీదనే నా అభ్యంతరం.

ఆ పద్ధతి పాఠకులకు తెలిసినదే. శనివారం రాత్రి హడావిడిగా నాలుగు ముద్దలు తిని పదింటికి వాహనం ఎక్కుతారు. రాత్రంతా ప్రయాణం, అందులో సగం కునికిపాట్లు. తెల్లవారుజామున నాలుగింటికి కొండమీద దిగి, స్వెట్టరు చాలక దుప్పట్లు కప్పుకొని, రోడ్డు పక్కన మంట వద్ద నిలబడి టీ మీద టీ తాగుతారు. మంచు చూచినారు, ఫొటోలు తీసుకొన్నారు, ఆదివారం రాత్రికి ఇల్లు చేరినారు, సోమవారం ఆఫీసు. బుధ, గురువారాలకు ఇంటిలో ఎవరో ఒకరు మా వైద్యశాల మెట్లు ఎక్కుతారు. చాలాసార్లు ఆ ఎక్కేవారు అమ్మమ్మగారో, అయిదేండ్ల పిల్లవాడో అయి ఉంటారు. ప్రయాణం ఎట్లా సాగవలెనో నిర్ణయించినవారు మాత్రం పాతికేండ్ల యువకులు.

లంబసింగి అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలో, సముద్రమట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉన్నది. డిసెంబరు, జనవరి నెలల తెల్లవారుజామున అక్కడ ఉష్ణోగ్రత 5 డిగ్రీల దాపునకు, ఒక్కొక్కసారి అంతకంటె కిందికి దిగుతుంది. ఆ ఊరికి కొర్రబయలు అని మరొక పేరు కలదు. ఆరుబయట ఉండిపోయినవాడు తెల్లవారేసరికి కొర్రువలె బిగుసుకుపోతాడట. అక్కడివారు పెట్టుకొన్న పేరులోనే హెచ్చరిక ఉన్నది. సముద్రతీరాన 18, 20 డిగ్రీల రాత్రులకు అలవాటుపడిన దేహాన్ని అయిదారు గంటలలో, అదీ నిద్ర లేకుండా, అక్కడికి తీసుకొనిపోయి నిలబెడుతున్నాము. ఒక ఋతువు నుండి మరొక ఋతువుకు మారేటప్పుడే చివరి ఏడు రోజులు, మొదటి ఏడు రోజులు కలిపి ఋతుసంధిగా పాటించి, పాత అలవాట్లను క్రమంగా విడిచి కొత్తవి క్రమంగా పట్టుకొనమని శాస్త్రం చెప్పింది. మనము ఋతుసంధిని ఒక రాత్రిలో ముగిస్తున్నాము!

మేము గురుకులంలో అష్టాంగహృదయం వల్లించేటప్పుడు దినచర్య, ఋతుచర్య, రోగానుత్పాదనీయం అనే మూడు అధ్యాయాలు వరుసగా వచ్చేవి. ప్రయాణానికి ఈ మూడు చాలును. మూడవదానిలో, ఆపుకొనరాని సహజవేగాలు 13 అని చెప్పబడినది. మూత్రం, మలం, ఆకలి, దప్పిక, నిద్ర ఇందులోనివే. పైన చెప్పిన రాత్రి ప్రయాణంలో ఈ అయిదింటినీ ఒకేసారి బంధిస్తున్నాము. విశేషించి స్త్రీల విషయం చెప్పవలెను. దారిలో శుభ్రమైన మరుగుదొడ్డి దొరకదని భయపడి మధ్యాహ్నం నుండే మంచినీరు మానివేసే గృహిణులు ఎందరో ఉన్నారు. నీరు తాగరు, గంటల తరబడి మూత్రం బిగబట్టుకొంటారు. ఇంటికి వచ్చిన తరువాత మంట, పొత్తికడుపు నొప్పి, జ్వరం. ఈ బాధను వారు భర్తతో కూడా చెప్పరు. దీనికి చలిని నిందించి ప్రయోజనం లేదు. బయలుదేరేముందు దారిలో ఎక్కడెక్కడ ఆగవలెనో ఇంటి యజమాని ఆలోచించి ఉంటే ఈ వ్యాధి చాలావరకు రాకపోయేది.

రాత్రి జాగరణ వల్ల రూక్షత్వం, వాతం పెరుగుతాయి. దానికి బదులుగా మరునాడు పగలు నిద్రపోతే కఫం పెరుగుతుంది. కీళ్లనొప్పులవారికి మొదటిది, ఉబ్బసంవారికి రెండవది చాలు, చలి తక్కిన పని పూర్తి చేస్తుంది.

ఇంత తొందర అవసరమా? లంబసింగిలో మంచు చాలా రోజులలో ఉదయం ఎనిమిది, తొమ్మిది గంటల వరకు కదలదు. ముందురోజు ఉదయం ఇంటిలో ఫలహారం చేసి బయలుదేరి, నర్సీపట్నం మీదుగా ఎండ ఉండగానే కొండ చేరి, రాత్రి వేడిగా భోజనం చేసి నిద్రించినవారు ఏడు గంటలకు లేచి అదే మంచును హాయిగా చూడవచ్చును. అరకు వెళ్లేవారికి మరొక సౌకర్యం కలదు. విశాఖపట్నం నుండి ఉదయం పూట కిరండూల్ వైపు రైలు ఉన్నది. ఘాట్ మలుపులలో వాంతులయ్యే పిల్లలకు, నడుమునొప్పి కల పెద్దలకు రైలు ఎంతో మేలు. సొరంగాలు లెక్కపెట్టుకొంటూ పిల్లలు అలసట మరచిపోతారు. వంజంగి విషయం వేరు. అక్కడ మేఘాలు చూడదలచినవారు తెల్లవారకమునుపే కొండ ఎక్కవలసి ఉంటుంది. హృద్రోగులు, ఉబ్బసం కలవారు, వృద్ధులు ఆ ఒక్కదానిని విడిచిపెట్టవలెను. చలికి రక్తనాళాలు ముడుచుకొని రక్తపుపోటు పెరుగుతుంది. ఆ సమయంలో కొండ ఎక్కడం గుండెకు పరీక్ష. ఎక్కేవారు సైతం ముందు రాత్రి పాడేరులో నిద్రించి వెళ్లవలెను.

ఆహారం గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. హేమంతంలో కొండమీద ఆకలి తానే చెబుతుంది. జఠరాగ్ని బలంగా ఉన్నప్పుడు దానికి తగిన ఆహారం వేయకపోతే అది ధాతువులనే దహిస్తుంది. కావున బిస్కట్లతో, చిరుతిండ్లతో రోజు గడపరాదు. వేడి అన్నం, నెయ్యి, పప్పు, నువ్వుల పదార్థాలు, బెల్లం, అక్కడ దొరికే రాగి జావ మంచివి. మాంసాహారులు వెదురుబొంగులో వండిన కోడిమాంసం గూర్చి నన్ను అడుగుతుంటారు. హేమంతంలో మాంసాహారానికి శాస్త్రం అడ్డు చెప్పలేదు. కారం మితంగా ఉంటే చాలును. రాత్రి పెరుగు మాత్రం వద్దు. మన్యపు తేనె కొనేవారు దానిని మరిగే టీలో, వేడినీటిలో కలిపి తాగుతున్నారు. తేనెకు వేడి విరుద్ధం. గోరువెచ్చన దాటని నీటిలోనే కలపవలెను.

స్నానానికి ముందు నువ్వులనూనె వెచ్చచేసి పాదాలకు, కీళ్లకు, చెవుల వెనుక మర్దనా చేసుకొంటే ఆ రోజు చలి సగం బాధించదు. చిన్న సీసాలో నూనె వెంట తీసుకొనిపోవడం బరువేమీ కాదు.

ఇక రెండు ప్రమాదాల గూర్చి కఠినంగానే చెప్పవలసి ఉన్నది. చలి ఎక్కువగా ఉన్నదని బొగ్గుల కుంపటిని గదిలో పెట్టుకొని తలుపులు, కిటికీలు బిగించి పడుకొనరాదు. దాని నుండి వెలువడే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. నిప్పు ఆరుబయటనే ఉండవలెను. రెండవది మద్యం. అది చలిని పోగొడుతుందనే మాట అబద్ధం. చర్మంలోని రక్తనాళాలను విప్పి వెచ్చదనపు భ్రాంతిని కలిగించి, లోపలి వేడిని బయటికి పంపివేస్తుంది. మద్యం తీసుకొన్నవాడు చలిలో ముందుగా దెబ్బతింటాడు. ఘాట్ రోడ్డుపై బండి నడిపేవాని సంగతి చెప్పనే అక్కరలేదు.

రక్తపుపోటుకు, మధుమేహానికి, ఉబ్బసానికి వాడుతున్న మందులు ఏ వైద్యవిధానానివైనా సరే, చేతిసంచిలో ఉంచుకొనవలెను. కారు డిక్కీలోని పెట్టెలో కాదు. కొండగాలికి పోయినాము గదా అని మాత్రలు మానడం అవివేకం. మధుమేహం కలవారు మంట వద్ద పాదాలు చాపి కూర్చొనరాదు. స్పర్శ తగ్గిన పాదానికి కాలినట్లు తెలియదు.

గది కోసం ఫోను చేసేటప్పుడు అద్దె ఒక్కటే అడగడం మన అలవాటు. వేడినీరు ఏ సమయం నుండి వస్తుంది, మరుగుదొడ్డి గదికి ఆనుకొని ఉన్నదా, కంబళ్లు ఎన్ని ఇస్తారు, దోమతెరలు ఉన్నవా అని కూడా అడగవలెను. దోమతెర మాట నవ్వులాటకు చెప్పడం లేదు. మన్యం మలేరియా ఉన్న ప్రాంతం. తిరిగి వచ్చిన పది రోజులకో, నెలకో, కొందరికి ఇంకా ఆలస్యంగానో వణుకుతో జ్వరం వస్తే, ప్రయాణపు అలసట అనుకొని తిప్పతీగ కషాయంతో కాలయాపన చేయవద్దు. కషాయాలు నేర్చి కషాయాలు ఇచ్చే వైద్యుడినే ఈ మాట చెబుతున్నాను. అదే రోజు రక్తపరీక్ష చేయించి, మన్యం వెళ్లి వచ్చిన సంగతి వైద్యునికి మొదటనే చెప్పవలెను.