లైసెన్సు రాకముందు తాళం పట్టించొద్దు, ఇన్సూరెన్సు లేని బండికి మనిషిని పంపొద్దు

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, నిర్మల్ జిల్లాల గల్ఫ్ అన్నలారా, తమ్ములారా, ఇంటి దగ్గర వాళ్ల కోసం ఎదురుచూస్తున్న అక్కచెల్లెళ్లారా!

మన పక్క ఊరి బిడ్డ సౌదీ జైలులో ఉన్నాడు. ఇంటివాళ్లు వద్దన్నందుకు పేరు రాయడం లేదు. హౌస్ డ్రైవర్ వీసా మీద పోయాడు. ఇఖామా (అక్కడ ఉండే అనుమతి కార్డు) ఇంకా చేతికి రాలేదు, సౌదీ లైసెన్సు లేదు. అయినా దిగిన కొద్ది రోజులకే కఫీల్ (యజమాని) తాళంచెవి ఇచ్చి పిల్లల్ని బడికి దింపి రమ్మన్నాడు. దారిలో రోడ్డు దాటుతున్న మనిషి బండి తగిలి చనిపోయాడు. ఆ బండి ఇన్సూరెన్సు గడువు ఎప్పుడో అయిపోయిందని పోలీసులు చూస్తే గానీ తెలియలేదు. ఇప్పుడు కఫీల్ ఫోన్ ఎత్తడు. భార్య చంకలో పిల్లను వేసుకుని, దరఖాస్తు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరుగుతోంది.

ఆ దేశంలో ఇలాంటి కేసుకు రెండు ముఖాలు. ఒకటి హఖ్ ఆమ్, అంటే సర్కారు వేసే శిక్ష. అది ఎప్పుడో ఒకప్పుడు తీరుతుంది. రెండోది హఖ్ ఖాస్, అంటే చనిపోయినవాడి కుటుంబం హక్కు. దియా, అంటే పోయిన ప్రాణానికి పరిహారం కట్టాలి, లేదా వాళ్లు క్షమించాలి. శిక్షాకాలం అయిపోయినా దియా కట్టలేక లోపలే ఉండిపోయేది అందుకే. పొరపాటున జరిగిన ప్రమాదంలో ముస్లిం పురుషుడు చనిపోతే దియా 3 లక్షల రియాళ్లు. 2011కు ముందు అది లక్షే. తప్పులో డ్రైవర్ వాటా ఇంత శాతం అని రాస్తారు. నూటికి నూరు రాస్తే మొత్తం అతని నెత్తినే. నెలకు 1,500 రియాళ్ల జీతగాడు తిండి కూడా మాని దాచినా 200 నెలలు పడుతుంది. పదహారేళ్లు దాటుతుంది!

ఇదంతా రెండు కాగితాలతో తప్పేది: ఇన్సూరెన్సు, లైసెన్సు. సౌదీలో బండికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు తప్పనిసరి. ఆ పాలసీ కోటి రియాళ్ల దాకా నష్టాన్ని భరిస్తుంది, దియా అందులోనే తీరిపోతుంది. కానీ బండి నడిపినవాడికి సరైన లైసెన్సు లేకపోతే, కంపెనీ బాధితులకు కట్టిన డబ్బును తిరిగి వసూలు చేసుకోవచ్చు. కాబట్టి రెండూ ఉండాలి, ఒకటి ఉండి ఒకటి లేకపోతే ఉన్నది కూడా అక్కరకు రాదు.

మరి ఇన్సూరెన్సు లేకుండా బండిని రోడ్డెక్కించిన యజమానికి పడే జరిమానా ఎంత? 100 నుంచి 150 రియాళ్లు. 2023 అక్టోబర్ నుంచి కెమెరాలే పట్టుకుంటున్నాయి, నిజమే. కానీ కెమెరా పట్టుకున్నా యజమానికి పోయేది ఒక పూట విందు ఖర్చు, మనవాడికి పోయేది యవ్వనం. పాలసీ కట్టాల్సినవాడు ఏసీ గదిలో కూర్చుంటాడు, స్టీరింగ్ పట్టినవాడు సంకెళ్లు వేసుకుంటాడు. ఇది ఖర్మ కాదు. దీన్ని ఖర్మ అని ఓదార్చడానికి వచ్చే నాయకులను గడప బయటే నిలబెట్టండి.

“నడపను అని చెప్పొచ్చుగా” అంటారు కొందరు. పాస్‌పోర్ట్ కఫీల్ బీరువాలో ఉంటుంది. ఇఖామా చేయించాల్సింది అతనే, పడుకునే గది అతనిదే, ఏజెంటుకు కట్టిన అప్పు ఇక్కడ వడ్డీతో పెరుగుతుంటుంది. 2021 మార్చిలో సౌదీ ప్రభుత్వం కంపెనీ కార్మికులకు యజమానిని మార్చుకునే వీలు పెంచింది, హౌస్ డ్రైవర్లను మాత్రం ఆ సంస్కరణలో చేర్చలేదు. ఇంత బిగించిన చోట ఒక్క మనిషి కాదనలేడు. అతని తరఫున కాదనాల్సింది ఢిల్లీ.

ఢిల్లీకి చేతకాదా? 1983లో వలసల చట్టం తెచ్చిందే మన మనిషి విమానం ఎక్కకముందు అతని ఒప్పందాన్ని చూడటానికి. ఇళ్లలో పనికి పోయే ఆడవాళ్ల కోసం విదేశీ యజమానిని 2,500 డాలర్ల బ్యాంకు గ్యారంటీ అడిగిన దేశం మనది. 2014 జనవరి 2న సౌదీతో ఇంటి పనివాళ్ల నియామకంపై సంతకం చేసినప్పుడు డ్రైవర్లను కూడా అందులో చేర్చారు. అంటే అడగడానికి చట్టం ఉంది, అడిగిన చరిత్ర ఉంది, కూర్చుని మాట్లాడటానికి ఒప్పందం ఉంది. లేనిది పట్టింపు.

కేంద్రం పెట్టిన ప్రవాసీ భారతీయ బీమా యోజన చూడండి. రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయలు కట్టించుకుంటారు. మనవాడు ప్రమాదంలో చనిపోతే 10 లక్షలు. ఉద్యోగ వివాదంలో కోర్టు ఖర్చులకు 45,000. మనవాడు నడిపిన బండి కింద ఇంకొకరు చనిపోతే? పైసా రాదు. తెలంగాణ ప్రభుత్వం గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబాలకు 5 లక్షలు ఇస్తోంది, మంచిదే, వద్దనడం లేదు. కానీ శవపేటిక వస్తేనే సాయం, మనిషి ప్రాణాలతో జైలులో ఉంటే దరఖాస్తు తీసుకుని పంపేయడమా? బతికున్నవాడిని కాపాడే పద్దు కూడా ఉండాలి.

అందుకే మేం అడుగుతున్నాం. సౌదీకి పోయే ప్రతి డ్రైవర్ ఒప్పందంలో అతను నడపబోయే బండి పాలసీ నంబరు, గడువు తేదీ అరబ్బీలోనూ తెలుగులోనూ ఉండాలి. సౌదీ లైసెన్సు చేతికి వచ్చేదాకా తాళం ఇవ్వనని, బండికి ఇన్సూరెన్సు లేకపోతే దియా తానే కడతానని కఫీల్ అందులోనే రాసివ్వాలి. అవి లేని ఒప్పందానికి హైదరాబాద్‌లోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ క్లియరెన్సు ఇవ్వకూడదు. పదో తరగతి పాసై, ఆ క్లియరెన్సు అక్కర్లేని ఈసీఎన్ఆర్ పాస్‌పోర్ట్ ఉన్న డ్రైవర్‌కూ ఇదే నియమం వర్తించాలి. బీమా యోజన ప్రీమియం కొంచెం పెంచి అయినా డ్రైవర్లకు వకీలు ఖర్చు, మూడో మనిషి నష్టపరిహారం చేర్చాలి. వంద రూపాయలు ఎక్కువ కట్టడానికి మనవాళ్లు వెనకాడరు.

రాష్ట్ర ప్రభుత్వం చేయాల్సిన పని ఒకటి ఉంది. మన రోడ్లపై ఎడమ పక్కన నడిపి అలవాటైన మనిషిని ఎడమ స్టీరింగ్ బండిలో, కుడి పక్కన, గంటకు 120 కిలోమీటర్ల వేగంతో పోయే రోడ్డు మీద వదిలేస్తున్నాం. ఇక్కడ సర్కిల్ దగ్గర కుడివైపు చూసే కన్ను అక్కడ ఎడమవైపు చూడాలి. సిరిసిల్ల జిల్లా మండెపల్లిలో డ్రైవింగ్ శిక్షణ సంస్థ ఉంది. అక్కడ ఎడమ స్టీరింగ్ బండ్లు, కుడి పక్కన నడపడానికి గీసిన ట్రాక్, సౌదీ గుర్తుల పాఠం, సాహెర్ కెమెరా జరిమానాల పాఠం పెట్టాలి. ముఖాలఫా (ట్రాఫిక్ జరిమానా) బాకీ ఉంటే దేశం విడిచి వచ్చే ఫైనల్ ఎగ్జిట్ పడదని విమానం ఎక్కేవాడికి ముందే తెలియాలి. ఖర్చు సర్కారుదే. ఇంటికి వచ్చిన రియాళ్లతో ఈ జిల్లాల అంగళ్లు నడిచాయి, ఇళ్లు లేచాయి. ఆ లెక్కలో ఇదెంత?

షరతులు పెడితే కఫీల్ వేరే దేశం వాళ్లను తీసుకుంటాడని ఏజెంట్లు భయపెడుతున్నారు. ఇన్సూరెన్సు కట్టలేని కఫీల్ మనకు అక్కర్లేదు. వాళ్ల దేశ చట్టం మనమెట్లా మారుస్తాం అనేవాళ్లకు ఒకటే జవాబు: వాళ్ల చట్టమే ఇన్సూరెన్సు తప్పనిసరి అంటోంది, మనం అడిగేది ఆ చట్టం అమలునే.

ఇప్పుడు అక్కడున్న అన్నలారా, బండి ఎక్కేముందు పాలసీ ఫోటో అడిగి ఇంటికి వాట్సాప్‌లో పంపండి. సౌదీ సర్కారు అబ్షర్ యాప్‌లో మీ పేరున తఫ్వీద్ (ఆ బండి నడిపే అనుమతి) ఉందో లేదో చూసుకోండి. లైసెన్సు రాకముందే నడపమంటే ఆ వాయిస్ మెసేజ్ చెరిపేయకండి, అదే రేపు మీ సాక్ష్యం. రియాద్ ఎంబసీ, జెద్దా కాన్సులేట్ నంబర్లు ఇంట్లోవాళ్ల దగ్గర కూడా ఉండాలి. ఇబ్బంది మొదలైన రోజే విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టించండి, జైలు దాకా ఆగకండి.

ఊళ్లో ఉన్నవాళ్లు వచ్చే గ్రామసభలోనే ఈ డిమాండ్లపై తీర్మానం చేయించి, సర్పంచ్ సంతకంతో ఒక ప్రతి కలెక్టర్‌కు, ఒకటి ఎంపీకి పంపండి. ఎంపీ ఊరికి వచ్చినప్పుడు దండ వేసేముందు ఒక్క ప్రశ్న అడగండి: పార్లమెంటులో హౌస్ డ్రైవర్ ఇన్సూరెన్సు గురించి ఎప్పుడు మాట్లాడతావు? తేదీ చెప్పేదాకా వదలకండి.

— గల్ఫ్ డ్రైవర్ల కుటుంబాలు