కంప్యూటర్ కబుర్లు: నాన్నగారి మందుల పేజీ

మా అమ్మా నాన్నా తెనాలిలో ఉంటారు. నేను ఒహాయోలో, చెల్లెలు మెల్‌బోర్న్‌లో, తమ్ముడు బెంగుళూరులో. మీలో చాలామంది ఇళ్ళల్లోనూ లెక్క ఇంచుమించు ఇదే. ఊళ్ళ పేర్లు మారతాయి, అంతే.

శనివారం రాత్రి నేను ఫోను చేసేసరికి అక్కడ ఆదివారం ఉదయం. "బ్రహ్మాండంగా ఉన్నానురా" అంటారు నాన్నగారు. అమ్మ మా చెల్లెలితో చెప్పేది వేరు: "ఆయన కాళ్ళు వాస్తున్నాయే. ఎవరికీ చెప్పొద్దంటున్నారు." తమ్ముడికి తెలిసింది ఇంకొకటి. గుంటూరులో గుండె డాక్టరుగారు ఏదో కొత్త మాత్ర రాశారని. ఏనుగును తడిమిన గుడ్డివాళ్ళ కథ ఉంది చూశారూ, ముగ్గురం అచ్చం అలాగే ఉండేవాళ్ళం.

అప్పుడు చెల్లెలు ఒక పని చేసింది. గూగుల్ డాక్స్‌లో ఒక పేజీ తెరిచి, పైన "నాన్నగారి మందులు" అని రాసి, మా అందరినీ అందులో చేర్చింది. ఎవరు ఎక్కణ్ణించి రాసినా మిగతావాళ్ళకు వెంటనే కనిపిస్తుంది. "నా రోగాలన్నీ పేపర్లో వేయిస్తారా ఏమిటి?" అని నాన్నగారు మొదట చిరాకుపడ్డారు. ఇంట్లోవాళ్ళు తప్ప ఇంకెవరూ చూడరని చెబితే సరేనన్నారు.

తమ్ముడు తెనాలి వెళ్ళినప్పుడు మందుల డబ్బా బల్లమీద బోర్లించి, ఒక్కో షీటుకీ ఫోటో తీసి పేజీలో పెట్టాడు. షీటు వెనక సన్నటి అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు చదివి పట్టికలో ఎక్కించే పని 13 ఏళ్ళ మా అమ్మాయికి అప్పగించాను. అరగంట తరవాత వచ్చి, "నాన్నా, ఆమ్లోడిపిన్ అని రెండుసార్లు వచ్చింది. నేనేమైనా తప్పు టైపు చేశానా?" అంది.

తప్పు టైపు చెయ్యలేదు. ఊళ్ళో డాక్టరుగారు ఎప్పుడో రాసిన బీపీ మాత్ర ఆమ్లోడిపిన్. గుంటూరు డాక్టరుగారు రాసిన కొత్త మాత్రలో టెల్మిసార్టన్‌తో పాటు అదే ఆమ్లోడిపిన్ కలిసి ఉంది. పెట్టెల మీద పేర్లు వేరు, రంగులు వేరు. అందుకని నాన్నగారు రెండూ శ్రద్ధగా వేసుకుంటున్నారు. ఆ మందు మోతాదు పెరిగితే పాదాలూ చీలమండలూ వాచే అవకాశం ఎక్కువ.

మేము డాక్టర్లం కాము. ఏ మాత్రా మానెయ్యమని ఫోనులో చెప్పలేదు. తమ్ముడు ఆ పేజీ ప్రింటు తీసి మర్నాడే గుంటూరు తీసుకువెళ్ళాడు. డాక్టరుగారు రెండు నిమిషాలు చూసి పాత మాత్ర ఆపించారు. రెండు వారాల్లో వాపు తగ్గింది. ఒక డాక్టరుగారి చీటీ రెండో ఆయనకు కనబడలేదు, అంతే. రెండు చీటీలూ ఒకచోట చేరాకే సంగతి బయటపడింది.

పదిమంది కలిసి ఒకే పేజీ రాసే ఈ పద్ధతికి మొదటి అడుగు 1995లో పడింది. వార్డ్ కన్నింగ్‌హామ్ అనే అమెరికన్ ప్రోగ్రామరు తయారుచేసిన ఆ సాధనం పేరు వికీ. హవాయి భాషలో వికీ అంటే 'త్వరగా' అని. 2001 జనవరి 15న వికీపీడియా, 2003 డిసెంబరులో మన తెలుగు వికీపీడియా మొదలయ్యాయి.

"ఎవరు పడితే వాళ్ళు రాస్తే వైద్యం ఏం కాను?" అని మీకు సందేహం రావచ్చు. డాక్టర్లకూ వచ్చింది. దూరంగా నిలబడి విమర్శించే బదులు కొందరు లోపలికి వచ్చి సరిదిద్దడం మొదలుపెట్టారు. 2013లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, వికీపీడియాలో వైద్య వ్యాసాలు మెరుగుపరిచే పనిని నాలుగో ఏడాది వైద్య విద్యార్థులకు చదువులో భాగం చేసింది. 2014లో డెంగ్యూ జ్వరం మీది ఇంగ్లీషు వికీపీడియా వ్యాసం నిపుణుల పరిశీలనకు నిలిచి ఓపెన్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో అచ్చయింది. అక్కడ రాసిన ప్రతి మాటకూ ఆధారం చూపించాలి. ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో పేజీ చరిత్రలో ఉండిపోతుంది. తప్పులు రావని కాదు, వచ్చిన తప్పు దొరుకుతుంది.

ఆసుపత్రి కాగితాలకూ ఈ గాలి తగిలింది. 2010లో బోస్టన్, పెన్సిల్వేనియా, సియాటిల్‌లలో వందమందికి పైగా డాక్టర్లు, తాము రాసుకునే నోట్సును రోగులు ఇంట్లో కూర్చుని చదువుకునేలా ప్రయోగం చేశారు. దాని పేరు ఓపెన్‌నోట్స్. 2021 ఏప్రిల్ 5 నుంచి అమెరికాలో అలా చూపించడం నిబంధన అయింది. అందులో తప్పు కనబడితే సరిచెయ్యమని అడిగే హక్కు కూడా మనకుంది. ఈసారి మీ నోట్సు ఒకసారి తెరిచి చదవండి.

ఇక మీ ఇంటి పేజీ సంగతి. మా అనుభవంలో తేలినవి ఇవి.

కంపెనీ పెట్టిన పేరుతో పాటు అసలు మందు పేరూ రాయండి. అమ్మానాన్నలు ఇక్కడికి వచ్చినప్పుడు ఇది మరీ అవసరం. అక్కడి పారాసెటమాల్ ఇక్కడ అసెటమినోఫెన్. ఆయాసానికి పీల్చే సాల్బుటమాల్ ఇక్కడ ఆల్బ్యుటరాల్. షుగరుకు వాడే గ్లిబెన్‌క్లమైడ్ ఇక్కడ గ్లైబురైడ్. ఎమర్జెన్సీలో డాక్టరుకు తెనాలి మందుల షాపు పేర్లు తెలియాలని లేదు కదా!

రాసిన ప్రతిసారీ తేదీ, మీ పేరు వెయ్యండి. ఆపేసిన మందును చెరిపెయ్యకండి. గీత కొట్టి, ఎవరు ఎందుకు ఆపించారో పక్కన రాయండి. పడని మందులు, జరిగిన ఆపరేషన్లు, డాక్టర్ల ఫోను నంబర్లు అన్నిటికంటే పైన ఉండాలి. నెలకోసారి ఎవరైనా షీట్లు చేత్తో పట్టుకుని పేజీతో సరిచూడాలి. పాతబడిన పట్టిక అసలు లేనిదాని కంటే ప్రమాదం.

పేజీని ఇంట్లోవాళ్ళ ఈమెయిళ్ళకే ఇవ్వండి. లింకు ఉన్నవాళ్ళెవరైనా చూడొచ్చనే ఏర్పాటు వద్దు. ఆరోగ్య వివరాలు కాపాడటానికి 1996లో వచ్చిన హిపా చట్టం ఆసుపత్రులకూ ఇన్సూరెన్సు కంపెనీలకే గాని, మనం ఇంట్లో రాసుకున్న పేజీకి వర్తించదు. ఆధార్, బ్యాంకు నంబర్లు అందులో పెట్టకండి. ఒక ప్రింటు తీసి అక్కడ బీరువా తలుపు మీద అంటించండి. అర్ధరాత్రి సాయానికి వచ్చే పక్కింటివాళ్ళకు మన పాస్‌వర్డు తెలియదు.

పిల్లలూ, మీకో పని. ఈ ఆదివారం తాతగారికో అమ్మమ్మకో వీడియో కాల్ చేసి, మందుల షీట్లు ఒక్కొక్కటీ కెమెరాకు చూపించమనండి. పేర్లు అక్షరం అక్షరం చదివి పట్టికలో ఎక్కించండి. పక్కనే ఏ మందు ఎందుకో తెలుగులో రాయండి: బీపీకి, షుగరుకి, మోకాళ్ళ నొప్పికి. తెలుగు టైపింగూ వస్తుంది, తాతగారి కబుర్లూ వినబడతాయి. ఒకే పేరు రెండుసార్లు కనబడితే మాత్రం పెద్దవాళ్ళకు చెప్పడం మర్చిపోకండి.

మా పేజీలో ఇప్పుడు అందరికంటే ఎక్కువ రాసేది నాన్నగారే. మనవరాలు ఆయన ఫోనులో తెలుగు కీబోర్డు పెట్టించింది. మొన్న పొద్దున్న లేచి చూస్తే, ఆయన పేరు మీద కొత్త వరస ఉంది: "ఈ రోజు బీపీ 130/80. కాళ్ళు బాగున్నాయి. మీరంతా వేళకి భోంచేస్తున్నారా?"