గ్యాస్ మాత్రలో దాగిన రెండో మందు

తెలుగు పల్లెల్లో 'గ్యాస్' అన్న మాటకు అర్థం చాలా విస్తృతం. ఛాతీలో మంట పుట్టినా, రెండు ముద్దలకే కడుపు నిండినట్లనిపించినా, పొట్ట ఉబ్బినా, విరేచనం సాఫీగా కాకపోయినా అన్నింటికీ అదే పేరు. విరుగుడు కూడా ఒక్కటే. పొద్దున్నే పరగడుపున ఒక క్యాప్సూల్. మండల కేంద్రాల్లోని మందుల దుకాణాల్లో దాని అసలు పేరు చెప్పవలసిన అవసరం లేదు. 'గ్యాస్ బిళ్ల' అంటే చాలు, కత్తెరతో స్ట్రిప్పు కత్తిరించి చేతిలో పెడతారు. మోకాళ్ల నొప్పులకు రాసిన చీటీలోనూ, జ్వరానికి ఆర్ఎంపీ ఇచ్చే పొట్లంలోనూ దానికి చోటు తప్పదు. నెలల తరబడి, సంవత్సరాల తరబడి దీన్ని మింగుతున్న వారిలో చాలామందికి తాము వేసుకుంటున్నది ఒక మందు కాదని, రెండని తెలియదు.

మొదటిది ఆమ్లాన్ని తగ్గించే పాంటోప్రజోల్ లేదా రాబెప్రజోల్. రెండోది జీర్ణాశయ కదలికను చురుకు చేసే మందు. కొన్ని క్యాప్సూళ్లలో అది 30 మిల్లీగ్రాముల డోంపెరిడోన్, మరికొన్నింటిలో 75 మిల్లీగ్రాముల లెవోసల్పిరైడ్. మొదటి మందును వైద్యుని పర్యవేక్షణలో కొన్ని వారాలు వాడవచ్చు. రెండోది అలా ఏళ్ల తరబడి వాడటానికి ఉద్దేశించినది కాదు. రెండింటినీ ఒకే గొట్టంలో బిగించి అమ్మడంతో మొదటి దాని కోసం వచ్చిన రోగికి రెండోది కూడా అంతకాలమూ అందుతోంది.

కనిపించని జబ్బు, నిజమైన బాధ

ఇటువంటి రోగుల్లో అధికశాతం మందికి ఎండోస్కోపీ చేసినా పుండు కనిపించదు. స్కానింగు, రక్తపరీక్షలు మామూలుగానే ఉంటాయి. అవయవ నిర్మాణంలో లోపం లేకుండా దాని పనితీరులో మాత్రమే తేడా వచ్చే ఈ స్థితిని వైద్యులు ఫంక్షనల్ రుగ్మత అంటారు. జీర్ణాశయానికి వస్తే ఫంక్షనల్ డిస్పెప్సియా, పేగుకు వస్తే ఐబీఎస్. పేగులకూ మెదడుకూ మధ్య నడిచే సంకేతాలు గాడి తప్పడం దీనికి మూలమని 2016లో వెలువడిన రోమ్-4 ప్రమాణాలు స్పష్టం చేశాయి. 33 దేశాల్లో 73 వేల మందికి పైగా వయోజనులను ప్రశ్నించి 2021లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఇంటింటికీ వెళ్లి అడిగిన దేశాల్లో సుమారు 20.7 శాతం మందికి ఈ కోవకు చెందిన ఏదో ఒక రుగ్మత ఉంది. ఆ దేశాల్లో భారత్ కూడా ఒకటి. అంటే ప్రతి అయిదుగురిలో ఒకరు. ఇంత పెద్ద మార్కెట్టును ఔషధ కంపెనీలు వదులుకుంటాయని ఎవరూ అనుకోరు.

ప్రాణాంతకం కాని జబ్బుకు వాడే మందు ప్రాణాంతకం కాకూడదన్నది సామాన్య న్యాయం. ఈ విభాగంలోని మందుల చరిత్ర మాత్రం అందుకు భిన్నంగా నడిచింది. ఒకప్పుడు ఛాతీ మంటకు విరివిగా రాసిన సిసాప్రైడ్ వల్ల గుండె లయ తప్పుతున్నట్లు తేలింది. 1999 చివరి నాటికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థకు అందిన 341 ఫిర్యాదుల్లో 80 మరణాలు ఉన్నాయి. 2000 జులైలో అక్కడ దాని సాధారణ విక్రయాలు నిలిచిపోయాయి. మన దేశంలో నిషేధం విధించింది 2011 ఫిబ్రవరిలో. ఐబీఎస్ కోసం వచ్చిన టెగాసెరాడ్ కథ కూడా ఇంచుమించు ఇదే. అధ్యయనాల్లో ఆ మందు వాడిన 11,614 మందిలో 13 మందికి గుండెపోటు, పక్షవాతం వంటివి వచ్చాయి. ఉత్తుత్తి మాత్ర వేసుకున్న 7,031 మందిలో ఒక్కరికే వచ్చాయి. 2007 మార్చిలో అమెరికాలో దాన్ని ఆపివేశారు. ఇక్కడి నిషేధపు ఉత్తర్వు 2011 మార్చిలో వెలువడింది. ఒక మందు విషయంలో దాదాపు పదకొండేళ్లు, ఇంకో దాని విషయంలో నాలుగేళ్లు ఆలస్యం. ఈ వ్యవధిలో ఇక్కడ ఎవరికేమైనా జరిగి ఉంటే లెక్కించే యంత్రాంగం కూడా సరిగా లేదు. మందుల దుష్ప్రభావాలను నమోదు చేసే జాతీయ కార్యక్రమం మొదలైందే 2010లో.

వారం మందు, ఏళ్ల వాడకం

డోంపెరిడోన్‌పై ఐరోపా ఔషధ సంస్థ 2014లోనే ఆంక్షలు విధించింది. వాంతులు, వికారానికి తప్ప కడుపుబ్బరానికి, ఛాతీ మంటకు వాడరాదని, పెద్దలకు రోజుకు 30 మిల్లీగ్రాములు మించరాదని, సాధారణంగా వారం రోజులతో ఆపాలని నిర్దేశించింది. బ్రిటన్‌లో చీటీ లేకుండా అమ్మే వెసులుబాటును అదే ఏడాది రద్దు చేశారు. గుండె లయపై దీని ప్రభావం అరుదైనదే. అయితే 60 ఏళ్లు దాటిన వారిలోనూ, ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్, ఫ్లూకోనజోల్ వంటి మందులతో కలిపి వాడినప్పుడూ ముప్పు పెరుగుతుంది. మన ఊళ్లలో నిత్యం గ్యాస్ మాత్ర మింగే వారిలో వృద్ధులే ఎక్కువ. దగ్గుకో, గజ్జికో ఇంకో దుకాణంలో మరో మందు తెచ్చుకునేదీ వారే. రెండింటినీ కలిపి చూసే కన్ను ఎక్కడా ఉండదు.

లెవోసల్పిరైడ్ విషయం మరీ విచిత్రం. ఇది మానసిక వ్యాధులకు వాడే సల్పిరైడ్ కుటుంబంలోనిది. మెదడులో డోపమైన్ పనిని అడ్డగిస్తుంది. దీర్ఘకాలం వాడిన కొందరిలో చేతుల వణుకు, నడకలో మందకొడితనం, ముఖంలో బిగుతు కనిపిస్తాయి. దక్షిణ కొరియా నాడీ వైద్యులు 2009లోనే ఇటువంటి రోగుల వివరాలు ప్రచురించారు. మందు ఆపిన తరువాత కూడా కొందరిలో లక్షణాలు పూర్తిగా తొలగలేదని అందులో పేర్కొన్నారు. ఇంట్లోని ముసలాయన చేతులు వణుకుతుంటే వయసు మీద పడిందనో, కంపవాతమనో కుటుంబ సభ్యులు సరిపెట్టుకుంటారు. వైద్యుడు కూడా గ్యాస్ మాత్ర సంగతి అడగకపోతే ఆ వణుకుకు ఇంకో మందు మొదలవుతుంది. స్త్రీలలో ఇదే మందు ప్రొలాక్టిన్ హార్మోన్‌ను పెంచుతుంది. నెలసరి తప్పడం, బాలింత కాకపోయినా పాలు పడటం జరగవచ్చు. సంతానం కోసం పరీక్షలు చేయించుకుంటూ ఆసుపత్రుల చుట్టూ తిరిగే మహిళ తాను రోజూ వేసుకునే గ్యాస్ మాత్ర సంగతి వైద్యుడికి చెప్పాలని అనుకోదు. ఆమె దృష్టిలో అది మందే కాదు.

ఇందులో ఒక వైపరీత్యం ఉంది. ఐబీఎస్‌కు తక్కువ మోతాదులో అమిట్రిప్టిలిన్ పనిచేస్తుందని ఇంగ్లండ్‌లో 463 మందిపై జరిపి 2023లో ప్రచురించిన పరీక్షలో రుజువైంది. పదుల ఏళ్ల నాటి చవక మందు అది. దాన్ని రాస్తే 'ఇది పిచ్చివాళ్ల మందట' అని దుకాణంలో విని పారేసే రోగులు, మానసిక వైద్యంలో ఉన్న మందునే గ్యాస్ పేరిట ప్రతి ఉదయం నిస్సంకోచంగా మింగుతున్నారు.

మానలేని మాత్ర

'ఆపితే మళ్లీ మంట మొదలవుతోంది, అందుకే వాడుతున్నాం' అన్నది తరచూ వినిపించే మాట. అందులో అబద్ధం లేదు, కానీ కారణం వేరు. డెన్మార్క్‌లో ఏ కడుపు జబ్బూ లేని 120 మందిని తీసుకుని కొందరికి ఎనిమిది వారాలు ఆమ్లాన్ని తగ్గించే మందు ఇచ్చి ఆపారు. తదుపరి వారాల్లో వారిలో 44 శాతం మందికి ఛాతీ మంట వంటి లక్షణాలు వచ్చాయి. ఉత్తుత్తి మాత్ర వేసుకున్న వారిలో 15 శాతమే. అణచిన ఆమ్లం మందు ఆపగానే రెట్టించి ఊరుతుందన్న మాట. రోగి దీన్ని జబ్బు తిరగబెట్టడంగా భావించి మళ్లీ దుకాణానికి వెళతాడు. మోతాదును క్రమంగా తగ్గిస్తూ కొన్ని వారాలు ఓర్చుకుంటే చాలామంది ఆపగలరు. ఈ ముక్క చెప్పే తీరిక ఓపీలో వైద్యుడికి ఉండటం లేదు, చెప్పవలసిన అవసరం దుకాణదారుడికి లేదు. ఇవి కిడ్నీలకు హఠాత్తుగా హాని చేసే అవకాశం ఉందని మందు కాగితంలో ముద్రించాలంటూ 2019 డిసెంబరులో కేంద్ర ఔషధ నియంత్రణాధికారి రాష్ట్రాలను ఆదేశించారు. విడిగా అమ్మే నాలుగు మాత్రలతో ఆ కాగితం ఎవరికీ అందదు.

బరువు తగ్గడం, నల్లటి విరేచనం, మింగడంలో కష్టం, రక్తహీనత, యాభై దాటాక కొత్తగా మొదలైన కడుపు బాధ... ఇవి ఉన్నవారు గ్యాస్ అనుకుని మాత్రలతో కాలం గడపడం ఇంకా ప్రమాదకరం. క్యాన్సర్ ముందుగా పంపే కబురు కూడా ఇదే రూపంలో ఉంటుంది.

జంట మందులపై కేంద్రం కత్తి దూయకపోలేదు. 2016లో 344, కోర్టు వివాదాల అనంతరం 2018లో 328, 2024 ఆగస్టులో మరో 156 మిశ్రమాలను నిషేధించింది. పాంటోప్రజోల్-డోంపెరిడోన్ జంట మాత్రం నేటికీ ప్రతి దుకాణంలోనూ లభిస్తోంది. నిషేధించనంత మాత్రాన దానిని ఏళ్ల తరబడి వాడమని ఎవరూ చెప్పలేదు. వైద్యుని చీటీ లేకుండా అమ్మరాదన్న హెచ్చరిక ఎర్ర గీతతో సహా స్ట్రిప్పుపైనే ఉంటుంది. తనిఖీలకు వచ్చే డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు నిద్రమాత్రల రిజిస్టరు అడుగుతారు, నకిలీ మందుల కోసం వెదుకుతారు. గ్యాస్ మాత్రకు చీటీ ఏదని అడిగిన దాఖలా అరుదు.

దుష్ప్రభావాన్ని అనుమానించిన రోగి స్వయంగా ఫిర్యాదు చేసేందుకు 1800-180-3024 నంబరు ఉంది. ఫోన్ చేస్తే మందు పేరు, బ్యాచ్ నంబరు అడుగుతారు. కత్తిరించి ఇచ్చిన ముక్కపై సాధారణంగా ఆ రెండూ ఉండవు.