మెషీన్‌ని ఎవరు కడుగుతారు?

"వాషింగ్ మెషీన్ కొనిచ్చాను కదా, ఇంకా నీకు పనేమిటి?" అనే మగమహారాజులు ఇంటికొకరు చొప్పున ఉన్నారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. బట్టలు మెషీన్ ఉతుకుతుంది, ఒప్పుకున్నాను. మరి మెషీన్‌ని ఎవరు కడుగుతారండీ?

"రోజూ సబ్బునీళ్ళలో నానేదానికి మళ్ళీ స్నానమా!" అని నవ్వుతారు. ఆ సబ్బే కొంప ముంచేది! ముందువైపు తలుపున్న మెషీన్ అయితే, తలుపు చుట్టూ ఉండే రబ్బరు మడతని ఒక్కసారి వేలితో విప్పి చూడమనండి. నల్లటి బూజు, వెంట్రుకలు, నానిపోయిన బస్సు టిక్కెట్లు. ఎప్పుడూ చన్నీళ్ళతోనే ఉతికి, పొడి అవసరానికి మించి పోసి, పని కాగానే తలుపు బిగించేస్తే, మిగిలిన సబ్బూ జిడ్డూ తేమా కలిసి బూజు పట్టక ఏమవుతుంది? ఉతికిన తువ్వాలు కూడా ముక్కవాసన వేసేది అందుకే. బోరునీళ్ళ ఇళ్ళలో ఇంకో బాధ. గిన్నెలకి కట్టే తెల్లపొర లోపలి హీటరుకీ కడుతుంది.

ఇక చాకిరీ వినండి. సబ్బుపొడి వేసే అర ఊడలాగి పాత టూత్‌బ్రష్‌తో తోమాలి. రబ్బరు మడత తుడవాలి. ప్లగ్గు తీసి, నేలమీద చతికిలబడి, పళ్ళెం పెట్టుకుని, కింద మూలనున్న ఫిల్టరు మూత మెల్లిగా తిప్పాలి. నెలకోసారి బట్టల్లేకుండా 60 డిగ్రీల వేడినీళ్ళతో తిప్పాలి. తెల్లపొరకి నిమ్మఉప్పు వేసిన రోజున బ్లీచింగ్ జోలికి పోకూడదు సుమండీ, రెండూ కలిస్తే విషవాయువు పుడుతుంది. ఉతుకు అయ్యాక తలుపు కాసేపు తెరిచి ఉంచాలి. ప్రకటనల్లో నవ్వుతూ మీట నొక్కే అమ్మాయి ఇవన్నీ ఎప్పుడైనా చేయగా చూశారా?

రూత్ ష్వార్ట్జ్ కోవన్ అనే అమెరికన్ చరిత్రకారిణి 1983లోనే దీనిమీద పుస్తకం రాసింది. యంత్రాలొచ్చి ఇల్లాలి పని తీరు మారింది గానీ పని తగ్గలేదంటుందావిడ. పుస్తకం పేరే 'మోర్ వర్క్ ఫర్ మదర్'.

ఆదివారం పొద్దున్నే మోటారుసైకిలు చక్రాల పుల్లలు ఒక్కొక్కటే తుడుచుకునే మనిషికి, ఫిల్టరు మూత తిప్పడం చేతకాదంటే నేను నమ్మను. బండికంటిన మురికి మగవాళ్ళదీ, మెషీన్‌కి పట్టిన మురికి ఆడవాళ్ళదీనా? ఈ పంపకాలు ఎవరు చేశారో!

మా ఇంట్లో నెలకో ఆదివారం ఆ పని మావారిదీ, మా అబ్బాయిదీ అని తేల్చి చెప్పేశాను. మొదటిసారి ఫిల్టరులో పదమూడు రూపాయల చిల్లరా, రెండు చొక్కా గుండీలూ బయటపడ్డాయి.

"ఇవెవరివోయ్?" అన్నారు మావారు.

"నా చీరలకి జేబుల్లేవు" అన్నాను.