గాయం అని రాయడానికి 77 ఏళ్లు

2021 జూన్ 18న న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఓసియోలా ఫ్లెచర్ అనే నల్లజాతి మాజీ సైనికుడికి అమెరికా సైన్యం పర్పుల్ హార్ట్ పతకం ఇచ్చింది. అప్పటికి ఆయన వయసు 99. గాయపడింది మాత్రం 1944లో, నార్మండీ యుద్ధంలో. ఆయన ఉన్న వాహనం మీద జర్మన్లు దాడి చేశారు. డ్రైవరు చనిపోయాడు, ఫ్లెచర్ తల పగిలింది. ఆ దెబ్బతోనే తిరిగొచ్చి, న్యూయార్క్ పోలీసుగా, టీచరుగా పనిచేశారు. అది యుద్ధ గాయమేనని సైన్యం ఒప్పుకోవడానికి 77 ఏళ్లు పట్టింది.

ముసలాయనకు ఆలస్యంగా దక్కిన గౌరవం అనుకుని ఈ వార్తను దాటేయొచ్చు. మేం దాటలేకపోయాం. దెబ్బ తిన్నవాడి ఒళ్లు చెప్పేది చెల్లదు, రాసేవాడి కలం చెప్పిందే చెల్లుతుంది. ఈ సంగతి దళిత కార్యకర్తలకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

పర్పుల్ హార్ట్ సాహసానికిచ్చే పతకం కాదు. శత్రువు చర్య వల్ల గాయపడాలి, దానికి వైద్యం జరగాలి, ఆ వైద్యం రికార్డుకెక్కాలి. లారీ బోల్తా పడి చేయి విరిగితే అది ప్రమాదం, పతకం రాదు. పతకం ఉన్నవాళ్లకు మాజీ సైనికుల ఆసుపత్రుల్లో ప్రాధాన్యం కూడా ఉంటుంది కాబట్టి ఇది ఉత్త అలంకారం కాదు. నిబంధనలో రంగు ప్రస్తావన లేదు. కానీ రెండో ప్రపంచ యుద్ధంలో పోరాడింది రంగును బట్టి విడగొట్టిన సైన్యం. నల్లవాళ్లలో ఎక్కువమందిని ఓడల సరుకు దించే, లారీలు తోలే, వంట చేసే పనుల్లో పెట్టారు. పైన రాసే అధికారులు చాలావరకు తెల్లవాళ్లు. కూలివాడిగా చూసిన మనిషికి తగిలిన దెబ్బ యుద్ధ గాయంలా కనిపించడం కష్టమే. ఆ యుద్ధకాలంలో అత్యున్నతమైన మెడల్ ఆఫ్ ఆనర్ ఒక్క నల్ల సైనికుడికీ ఇవ్వలేదు. 1997లో ఏడుగురికి ఇచ్చారు. అప్పటికి బతికున్నది ఒక్కరే.

సరిదిద్దుకునే దారి లేకపోలేదు. సైనిక రికార్డులు సవరించే బోర్డులకు 1946లోనే చట్టం చేశారు. తప్పు బయటపడ్డ మూడేళ్లలో అర్జీ పెట్టాలి. న్యాయం కోసం అవసరమనుకుంటే బోర్డు ఆ గడువును పక్కన పెట్టొచ్చు. చిక్కల్లా రుజువు దగ్గరే. పాత రికార్డు సరైనదేనని బోర్డు ముందే అనుకుంటుంది, కాదని నిరూపించే భారం అర్జీదారుడిది. 1973 జులైలో సెయింట్ లూయిస్‌లోని సైనిక రికార్డుల భవనం తగలబడి 1.6 నుంచి 1.8 కోట్ల ఫైళ్లు పోయాయి. 1912-1960 మధ్య ఆర్మీ వదిలినవాళ్ల ఫైళ్లలో 80 శాతం అందులోనే ఉన్నాయి. మంటకు రంగు తెలియదు, నిజమే. కానీ మొదటే సరిగా రాయనివాళ్లకు ఆ మంట తర్వాత ఇంకేం మిగులుతుంది?

హెన్రీ జాన్సన్ సంగతి ఇంకా కష్టం. ఆల్బనీ రైల్వే స్టేషన్లో పోర్టరు. 1918 మేలో ఫ్రాన్స్‌లో రాత్రిపూట జర్మన్ దళాన్ని ఎదుర్కొని, 21 గాయాలతో తోటి సైనికుణ్ని కాపాడాడు. ఫ్రాన్స్ వెంటనే క్రా ద గెర్ పతకం ఇచ్చింది. సొంత దేశం ఏమీ ఇవ్వలేదు. 1929లో చనిపోయాడు. పర్పుల్ హార్ట్ 1996లో వచ్చింది, మెడల్ ఆఫ్ ఆనర్ 2015లో. 2023లో లూసియానాలోని ఫోర్ట్ పోక్ శిబిరానికి ఆయన పేరు పెట్టి, 2025లో తీసేశారు. పేరు మళ్లీ పోకే, ఈసారి వేరే పోక్ అన్నారు. రాసింది చెరపడానికి మాత్రం రెండేళ్లు చాలాయి.

ఇక మన ఊళ్లకు వద్దాం. దాడి జరిగాక బాధితుణ్ని సర్కారు ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరు ఊండ్ సర్టిఫికెట్ రాస్తాడు. అందులో సాధారణ గాయమా, తీవ్ర గాయమా అన్న ఒక్క మాట మీద పోలీసు పెట్టే సెక్షన్ మారుతుంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక నిబంధనల ప్రకారం పరిహారం కూడా డాక్టరు తేల్చిన వైకల్యం శాతాన్ని బట్టే. 2016 సవరణలో వంద శాతానికి 8.25 లక్షలు, 50 శాతంలోపైతే 2.5 లక్షలు. ఫ్లెచర్ కుటుంబం దశాబ్దాల తర్వాత వెతుక్కున్న కాగితం మన దగ్గర ఆ రాత్రే, క్యాజువాలిటీలో తయారవుతుంది. అందుకే బాధితుడితో వెళ్లినవాళ్లు ఎఫ్ఐఆర్ నకలు తెచ్చుకుని తృప్తి పడకుండా, ఏ గాయం ఎక్కడుందో డాక్టరు రాసేదాకా పక్కనే నిలబడాలి.