పాత స్పోర్ట్సు కారు, క్రొత్త యజమాని

చెన్నపట్టణము నుండి కలకత్తాకు బోవు పదునారవ నంబరు జాతీయ రహదారి మన సిక్కోలు జిల్లాను నరసన్నపేట, టెక్కలి, పలాస, ఇచ్ఛాపురముల మీదుగా దాటిపోవుచున్నది. ఆ దారిని నేలకంటుకొని పోవునట్టి యిటలీ, జర్మనీ దేశపు కారులు అరుదుగానైనను అప్పుడప్పుడు కానవచ్చుచున్నవి. మన యువకులు హైదరాబాదు, బెంగుళూరు, అమెరికా, ఆస్ట్రేలియాలకు బోయి ధనమార్జించి వచ్చుచున్నారు. వారిలో గొందరికి ఇట్టి కారొకటి సొంతము చేసికొనవలెనను కోరిక చిన్ననాటి నుండియు నున్నది. ఆ కోరికను మేము పరిహసింపము. చక్కని యంత్రమును జూచి మనసుపడుటలో దోషము లేదు. కాని క్రొత్తది కొనలేనివాడు పాతదానికై వెదకునప్పుడు కన్నులు మూసికొని నడచుచుండుటయే మాకు విచారము కలిగించుచున్నది.

క్రొత్త లాంబోర్గినీ కారు వెల నాలుగు కోట్ల రూపాయలు దాటినది. పదునైదేండ్ల నాటి గలార్డో కారు కోటి రూపాయలకు దిగువనే దొరకునని వినగానే, భూమియమ్మి కొన్నంత మాత్రమున నేమి తప్పని తలచువారు గలరు. ఇక్కడనే మోసము. వెల తగ్గినది కారుకు మాత్రమే గాని దాని విడిభాగములకు గాదు. కారు పాతబడినంత మాత్రమున దాని బ్రేకు, దాని క్లచ్చు, దాని దీపము చవుకగా రావు. పైగా అవి సముద్రము దాటి రావలసియుండును. కోటి రూపాయల కారు కొన్నవాడు నాలుగు కోట్ల కారు ఖర్చు భరింపవలెనన్న మాట. చేతనున్న సొమ్మంతయు వెలకే వెచ్చించువాడు మొదటి మరమ్మత్తు నాడే దానిని అమ్మజూచును. అట్లమ్మబడినదే మన కంటబడుచున్నదేమో యని కొనువాడు ముందుగా ననుమానింపవలెను.

ఒక్క యుదాహరణము చాలును. ఫెరారీవారు 1994 మొదలు 1999 వరకు చేసిన 355 అను కారులో ఇంజనులోపలి వాల్వులను నడపు రబ్బరు బెల్టులు కలవు. అవి తెగినచో వాల్వులు పిస్టనులు ఒకదానికొకటి తగిలి యింజను నాశనమగును. వాటిని మార్చుటకు ఇంజనునంతటిని కారు నుండి క్రిందికి దింపవలెను. తరువాతి 360 మోడీనాలో ఆ పని ఇంజను దింపకయే చేయవచ్చును. 2004 నాటి 430తో బెల్టు పోయి గొలుసు వచ్చినది. ఇందులో మరియొక మర్మము గలదు. బెల్టు పరుగెత్తిన కిలోమీటర్లను బట్టియే గాక గడచిన సంవత్సరములను బట్టియు ముదియును. కనుక "ఐదు వేల కిలోమీటర్లు మాత్రమే తిరిగినది, షెడ్డులోనే యుండినది" అని యమ్మువాడు గొప్పగా జెప్పుట గుణము గాదు. నిలిచియున్న బండిలో రబ్బరు బీటలువారును, బ్యాటరీ చచ్చును, పెట్రోలు చెడిపోవును. నెలకు నాలుగుసార్లు తిరిగి, ఏటేట మేస్త్రీ చేతికి బోయి, చీటీలన్నియు దాచబడిన కారే దానికంటె మేలు.

మొట్టమొదటిసారి కొనువానికి మా సలహా యడిగినచో ఇటలీ కారులను ప్రక్కనబెట్టి పోర్షె 911ను చూడుమందుము. అదియు నిర్దోషమైనది గాదు. 1997 తరువాత వచ్చిన నీటిచల్లని యింజనులలో మధ్యషాఫ్టు బేరింగు విరిగి ఇంజనులు పాడయిన సంగతి లోకవిదితము. సాధారణ 911లలో 2009 నమూనాతో క్రొత్త యింజను వచ్చి యా బెడద తీరినది. వర్షమునందును, రద్దీయందును, రోజువారీ పనికిని నిలువగల స్పోర్ట్సు కారు అదియే. మనసు లాంబోర్గినీపైననే యున్నవాడు గలార్డోలో గేరులు తమంతట మారు పద్ధతి గలదానిని కొనబోవునెడల, క్లచ్చు ఎంత యరిగినదో కంప్యూటరు తగిలించి చదివించుకొనవలెను. ఊరి సందులలో, ఎత్తులమీద నడిపినవాని చేతిలో అది త్వరగా నరుగును.

మన రెండు జిల్లాల నైజము వేరు. కళింగపట్నము, భావనపాడు, బారువ మొదలైన తీరమునంతటను ఉప్పుగాలి గలదు. అది వైరుల కొనలను, బోల్టులను, అల్యూమినియము అతుకులను తినివేయును. పెట్రోలులో నూటికి ఇరువది వంతుల యెథనాలు కలుపుట 2025 నాటికి దేశమంతట వ్యాపించినది. ఎథనాలు నీటిని పీల్చును. దానికై తయారు కాని పాత గొట్టములకు అది హాని చేయును. కనుక ఆ కారు తయారైన యేటికి ఎట్టి పెట్రోలు తగునో పుస్తకములో జదువక కొనరాదు. ఇక గతుకులు. ఇండియన్ రోడ్సు కాంగ్రెసువారి నిర్ణయము ప్రకారము వేగనిరోధక గుట్ట పది సెంటీమీటర్ల యెత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండవలెను. గలార్డో అడుగుభాగము నేలకు నాలుగంగుళముల లోపుననే యుండును. పది సెంటీమీటర్లన్నను నాలుగంగుళములే. మన గ్రామములవారు ఎవరి యింటి ముందు వారు రాత్రికి రాత్రి పోసిన గుట్టలకు ఏ నిర్ణయమును లేదు. ముందుభాగమును పైకెత్తు సాధనము లేని కారును మన ప్రాంతమువాడు కొనకుండుటయే మంచిది.

సాలూరు లారీల ఊరు. 2022 వరకు విజయనగరము జిల్లాలోనిది, నేడు పార్వతీపురము మన్యము జిల్లాలోనిది. పాత లారీ కొనబోవు వ్యవహర్త చల్లారిన యింజనును తన యెదుట తిప్పించును, పొగరంగు జూచును, నూనెపుల్ల తీసి వేళ్ళ మధ్య రాచును, ఛాసిస్ నంబరును కాగితముతో అక్షరమక్షరము పోల్చును. ఆ పాటి జాగ్రత్త కోటి రూపాయల కారు కొను పట్టభద్రునకు ఉండరాదా? ఆ కారు జాతి నెరిగిన మేస్త్రీని వెంటబెట్టుకొని పోవలెను. సిలిండర్ల ఒత్తిడిని, గాలి కారుటను కొలిపింపవలెను. రంగు మందమును పరికరముతో జూపించి, ఏ తలుపు తిరిగి రంగువేయబడినదో కనుగొనవలెను. టైరు ప్రక్కన గల నాలుగంకెలలో మొదటి రెండు వారమును, చివరి రెండు సంవత్సరమును దెలుపును. టైరు మెరుపు జూచి మోసపోరాదు. ఇట్టి పరీక్షకు ఒప్పుకొనని యమ్మకందారునితో మాట పెంచక లేచి రావలెను. దళారులలో గిరీశమువంటి వాక్చాతుర్యము గలవారున్నారు. గురజాడవారి విజయనగరమువారికి ఆ జాతిని గూర్చి మేము వేరుగ జెప్పనక్కరలేదు.

యంత్రముకంటె కాగితములే ఎక్కువ ప్రమాదకరములు. మూడేండ్లకు మించి పాతబడిన కారును విదేశము నుండి దిగుమతి చేయుటకు మన దిగుమతి నియమము లొప్పుకొనవు. అదియు కుడిచేతి స్టీరింగు గలదై, ముంబయి రేవు ద్వారా రావలెను. సుంకము నూటికి నూరు దాటును. ఆ సుంకమును దప్పించుకొనుటకే దొంగదారులు. 2025 మే నెలలో హైదరాబాదు కారుల వర్తకు డొకడు, అమెరికా, జపాను కారులను దుబాయి, శ్రీలంకల మీదుగా దెప్పించి విలువ తగ్గించి చూపెనను నారోపణపై రెవెన్యూ నిఘావారిచే నిర్బంధింపబడెను. అదే యేడు సెప్టెంబరులో కేరళమున కస్టమ్సువారు "నుమ్ఖోర్" అను పేర సోదాలు జరిపి, భూటాను నుండి దొంగచాటున వచ్చినవని తలచిన కారులను పట్టుకొనిరి. అట్టి కారుకు నిజమైన సొమ్ము చెల్లించినవాడైనను చేతులు కట్టుకొని చూచుచుండవలసినదే. పుదుచ్చేరిలో దొంగ చిరునామాతో రిజిష్టరుచేయించి మన రాష్ట్రపు పన్ను ఎగవేసిన కారులును గలవు. ఆ పన్ను ఏనాడైనను కొన్నవాని నెత్తికే వచ్చును. కనుక దిగుమతి నాటి బిల్లు ఆఫ్ ఎంట్రీ చూపుమని యడుగుటకు సిగ్గుపడరాదు.

పొరుగు రాష్ట్రమునుండి తెచ్చిన బండికి అక్కడి యధికారి నిరభ్యంతర పత్రము, అప్పు తీరినట్లు బ్యాంకు పత్రము, 29, 30 నంబర్ల ఫారములు కావలెను. పండ్రెండు నెలలకు మించి ఇక్కడ నుంచువాడు ఇక్కడి నంబరు తీసికొని జీవితపన్ను చెల్లింపవలెను. ఆ పన్నును వెలలో గలిపి లెక్కించిన తరువాతనే బేరమాడవలెను. అమ్మువానికిని ఒక హెచ్చరిక గలదు. ఒక కారు 2007 నుండి చేతులు మారుచు బోయినను రిజిష్టరు పుస్తకములో మొదటివాని పేరే నిలిచియుండెను. 2009లో అది ప్రమాదము చేసెను. ఆ పరిహారభారము మొదటివానిదేయని సుప్రీముకోర్టు 2018 ఫిబ్రవరిలో తీర్పు చెప్పినది. స్నేహితుడు గదాయని పేరు మార్పు వాయిదా వేసిన వారందరకు నీ తీర్పు చదివి వినిపింపవలెను. బేరపు తగవు ఎంతవరకు పోవునో యందురా? 2024 ఏప్రిలులో హైదరాబాదు శివారున, పహాడీషరీఫు ఠాణా పరిధిలో, 2009 నాటి గలార్డో కారు నొకదానిని అమ్మకపు తగవులో తగులబెట్టిరి.

కడపట ప్రభుత్వమువారికొక మాట. 2015 డిసెంబరున చెన్నపట్టణమున, 2024 సెప్టెంబరున బుడమేరు పొంగిన విజయవాడలో వేలకొలది కారులు నీట మునిగినవి. అట్టివి తుడుచుకొని, తివాచీ మార్చుకొని, మరియొక జిల్లాలో క్రొత్త ముఖముతో అమ్మకమునకు వచ్చును. మునిగిన కారు పైకి మెరయుచునే యుండును. దాని తీగెల గుత్తులలో బురద నిలిచి, ఏనాటికో నడిరోడ్డున ఇంజనాగును, బ్రేకు తప్పును. అప్పుడు చచ్చువాడు కొన్నవాడే కానక్కరలేదు. ప్రక్కన సైకిలుపై బోవు రైతు కావచ్చును. అమెరికాలో పెక్కు రాష్ట్రములలో నష్టపడిన బండి హక్కుపత్రముపైననే "వరద" అనియో, "శిథిలము" అనియో ముద్ర వేయుదురు. బీమా కంపెనీలు పూర్తి నష్టమని సొమ్ము చెల్లించిన ప్రతి బండి నంబరును రవాణాశాఖకు దెలిపి, వాహనపు పోర్టలులో ఎవరైనను చూడగలుగునట్లు చేయుమని మేము కోరుచున్నాము. శాసనసభయందలి మన రెండు జిల్లాల ప్రతినిధులు ఈ సంగతిని రవాణామంత్రిగారి యెదుట నుంచవలెను. ఆ ముద్ర వచ్చువరకు కొనబోవువాడు సీటు క్రింది తివాచీ ఎత్తి, సీటు పట్టాల బోల్టులకు తుప్పు పట్టినదేమో, పెట్టె మూలలలో సన్నని ఒండ్రు గలదేమో తన వ్రేలితో తడిమి చూచుకొనవలసియున్నది.